రాజమండ్రిలో మంచి కాఫీ: చోటు కన్నా వేళ ముఖ్యం

రాజమండ్రిలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని ఊళ్లోవాళ్లని అడిగితే వెంటనే పేరు చెప్పేవాళ్లు తక్కువ. "పొద్దుటికాండీ, సాయంత్రానికాండీ?" అని ముందు ఎదురు ప్రశ్న వేస్తారు. అసలు సంగతంతా ఆ ఎదురు ప్రశ్నలోనే ఉంది. తెల్లవారుజామున ప్రాణం లేచొచ్చే కాఫీ ఇచ్చిన హోటలే పదకొండు దాటాక చప్పగా, మాడువాసన వేసే కాఫీ ఇస్తుంది. సాయంత్రం బజ్జీలకి పేరున్న బండి పొద్దున్న ఆ వీధిలోనే కనపడదు. ఫోన్‌లో నక్షత్రాలు చూసుకుని వెళ్లేవాళ్లకి ఈ తేడా తెలియదు, ఎందుకంటే ఆ మార్కులు హోటల్‌కి వేస్తారు గానీ గంటకి వేయరు. ఒకే హోటల్‌కి ఒకరు ఐదు నక్షత్రాలు, ఒకరు ఒక్కటి ఇచ్చారంటే ఇద్దరిలో ఎవరో అబద్ధం చెప్పారని కాదు. ఒకరు ఆరింటికి వెళ్లి ఉంటారు, ఇంకొకరు పన్నెండింటికి.

ఊరి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. మాటల్లో ఇంకా రాజమండ్రే కాబట్టి ఇక్కడా అలాగే అనుకుందాం. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, జాంపేట, దేవీచౌక్, దానవాయిపేట, ఏవీ అప్పారావు రోడ్డు. కాఫీ, టిఫిన్ల విషయంలో ఒక్కో పేటకి ఒక్కో నడక ఉంది. ఆ నడక అర్థం కావాలంటే కాఫీ గింజతో కాదు, గడ్డిమేటుతో మొదలుపెట్టాలి.

పాల కథ

కాఫీ డెల్టా పంట కాదు. దానికి కొండ కావాలి, నీడ కావాలి, చల్లదనం కావాలి. సముద్రానికి ఇంత దగ్గరగా, పల్లంగా ఉన్న నేలలో అది పండదు. డెల్టాకి ఉన్నది పాలు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. కాలవల వెంట సార్వా (వానాకాలపు పంట), దాళ్వా (ఎండాకాలపు పంట) రెండు పంటలూ వరి వచ్చింది. వరి ఉన్నచోట ఎండుగడ్డి ఉంటుంది. కాలవగట్ల మీద పచ్చగడ్డి ఉంటుంది. ఈ రెండూ ఉన్నచోట గేదె ఉంటుంది. డెల్టా ఊళ్లలో కాఫీ అంత చిక్కగా ఉండడానికి మూలం ఈ వరసలో ఉంది.

గేదె పాలలో వెన్న ఆరేడు శాతం దాకా ఉంటుంది. ఆవుపాలలో సాధారణంగా మూడున్నర, నాలుగు శాతం. ప్యాకెట్ పాలు కొనేవాళ్లకి ఈ అంకెలు తెలిసినవే: ఫుల్ క్రీమ్ అంటే కనీసం 6 శాతం వెన్న, టోన్డ్ అంటే 3 శాతం. కాఫీలో చేదు, పులుపు రెండూ ఉంటాయి. పాలలోని వెన్న, మాంసకృత్తులు కలిసి ఆ చేదుని పట్టి మెత్తబరుస్తాయి. టోన్డ్ పాలతో కలిపిన కాఫీ ఎంత స్ట్రాంగ్‌గా ఉన్నా నాలుక మీద నీళ్లలా జారిపోయేది అందుకే. గేదె పాల కాఫీ తాగాక పెదాల మీద ఒక పూత మిగులుతుంది. "కాఫీ బాగుంది" అని ఇక్కడివాళ్లు అనే మాటలో సగం మార్కులు ఆ పూతవి.

రాజమండ్రి అనగానే చాలామందికి గుర్తొచ్చే రోజ్ మిల్క్ కూడా చివరికి పాలే కదా. మెయిన్ రోడ్డు వైపు వెళ్లి గ్లాసుడు చల్లటి రోజ్ మిల్క్ తాగకుండా ఊరు చూశామని ఎవరూ అనుకోరు. గులాబీ రంగు, వాసన పైపైవి. తాగేవాడిని ఆపేది కింద ఉన్న చిక్కదనం. పాలని మరిగించి మరిగించి దగ్గరికి తెచ్చి చల్లబరిచే పద్ధతి తెలిసిన ఊరు కాబట్టి ఆ పానీయం ఇక్కడ పేరు తెచ్చుకుంది. రాజమండ్రి ఎండాకాలపు మధ్యాహ్నం రెండు గంటలకి "మంచి కేఫ్ ఏది" అని అడిగితే నిజాయితీ గల జవాబు కాఫీ హోటల్ కాదు, రోజ్ మిల్క్ కొట్టే.

డికాషన్ దగ్గర ఏం జరుగుతుంది

ఒక మామూలు టిఫిన్ హోటల్‌లో తెల్లవారుజామున కాఫీ మాస్టర్ చేతిని గమనిస్తే చాలా తెలుస్తుంది. ముందు బాయిలర్ వెలుగుతుంది. నీళ్లు కళపెళా మరిగాక, పొడి వేసి ఉంచిన గుడ్డ సంచిలోకో ఇత్తడి ఫిల్టర్‌లోకో చిన్న ధారగా పోస్తాడు. మొదట కొంచెమే పోసి ఆగుతాడు, పొడి నాని ఉబ్బడానికి. ఆ తరవాతే మిగతా నీళ్లు. ఒక్కసారే గుమ్మరిస్తే నీళ్లు పొడిలో దారి చేసుకుని పక్కనించి దిగిపోతాయి, సారం పొడిలోనే ఉండిపోతుంది. చుక్కచుక్కగా దిగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కింద గిన్నెలో నల్లగా, నూనెలా మెరుస్తూ చేరేది మొదటి డికాషన్. ఈ లోపు పక్క పొయ్యి మీద మొదటి విడత పాలు పొంగి దించినవి సిద్ధంగా ఉంటాయి. గ్లాసులో పంచదార, దాని మీద రెండు గరిటెల డికాషన్, ఆపైన పాలు. డబరాలోకి ఒక్క ఎత్తు ఎత్తి పోసి, మళ్లీ గ్లాసులోకి తిప్పి, నురగ పైకి రాగానే బల్ల మీద పెట్టేస్తాడు. మొత్తం పది సెకన్ల పని. ఎత్తి పోయడం షోకి కాదు. గాలి కలిసి నురగ వస్తుంది, పంచదార కరుగుతుంది, నోరు కాలకుండా వేడి కొంచెం దిగుతుంది.

ఎనిమిదింటికి రద్దీ పెరుగుతుంది. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోస్తారు. రెండో డికాషన్ రంగు బాగానే ఉంటుంది, వాసన ఉండదు. పదింటికి పాలు సన్నమంట మీద రెండు గంటలుగా మరుగుతూ ఉంటాయి. ఎక్కువసేపు మరిగిన పాలలో మాంసకృత్తులు విరిగి ఒక ఉడుకువాసన పుడుతుంది, మీగడ తెట్టుగా కడుతుంది, గిన్నె అడుగున మాడు మొదలవుతుంది. పదకొండింటికి వచ్చే కాఫీ అందుకే వేరే హోటల్‌లో చేసినట్టుంటుంది. మాస్టర్ మారలేదు, పొడి మారలేదు, హోటల్ మారలేదు. గంట మారింది. మంచి హోటల్‌కి గుర్తు ఏమిటంటే పొద్దున్న ఎంత బాగా చేసిందని కాదు, రద్దీ తగ్గాక కూడా కొత్త డికాషన్ వేస్తుందా లేదా అన్నది. అది గల్లా దగ్గర కూర్చున్న మనిషి లెక్కల మీద ఆధారపడే విషయం. పదిమంది కూడా రాని సమయంలో పావుకిలో పొడి కొత్తగా వేయాలంటే మనసు పెద్దదై ఉండాలి.

ఇక చికోరీ. ఇది ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తే కాఫీలాంటి రంగు, కొంచెం మాడుతీపి, చిక్కదనం ఇస్తుంది. కెఫీన్ బొత్తిగా ఉండదు. కాఫీ-చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ 49 దాటకూడదని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి కూడా. చికోరీ అనగానే కల్తీ అనుకోవడం తప్పు. గేదె పాలు అంత బరువుగా ఉన్నప్పుడు వాటికి ఎదురు నిలబడడానికి డికాషన్‌కి కొంత ఒళ్లు కావాలి, ఇరవై ముప్పై శాతం చికోరీ ఆ ఒళ్లు ఇస్తుంది. తప్పు ఎక్కడంటే, కాఫీ తగ్గించి ఆ లోటు చికోరీతో పూడ్చినప్పుడు. బ్రెజిల్, వియత్నాంలలో పంట దెబ్బతిని 2024, 2025లలో ప్రపంచమంతా కాఫీ గింజల ధరలు రికార్డు స్థాయికి వెళ్లాయి. అలాంటప్పుడు గ్లాసు ధర పెంచడం కన్నా చికోరీ పెంచడం తేలికైన దారి. కనిపెట్టడం కష్టం కాదు. చికోరీ ఎక్కువైన కాఫీ నల్లగా, చిక్కగా ఉంటుంది, తాగుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, కానీ తాగిన రెండు నిమిషాలకి నోట్లో వాసన మిగలదు. మంచి కాఫీ అయితే బస్సెక్కాక కూడా నోట్లో ఉంటుంది.

పంచదార విషయంలో ఒక చిన్న సలహా. కొత్త హోటల్‌లో మొదటిసారి కాఫీ చెప్పేటప్పుడు "పంచదార వేరే ఇవ్వండి" అనడం మంచిది. షుగర్ ఉన్నా లేకపోయినా సరే. మాస్టర్ అలవాటుగా వేసే రెండు చెంచాల పంచదార కింద పాత పాలూ దాగుతాయి, రెండో డికాషనూ దాగుతుంది.

మినుము చెప్పే సంగతి

కాఫీ ఒక్కటే తాగి లేచేవాళ్లు ఈ ఊళ్లో తక్కువ. దానికి తోడు టిఫిన్ ఉండాలి. డెల్టా టిఫిన్‌కి మూలం మినుము. దాళ్వా కోతలయ్యాక, లేదా నీళ్లు రాని ఏడాది సార్వా తరవాత, పొలంలో మిగిలిన తడి మీద అపరాలు వేస్తారు: మినుము, పెసర. కాలవ కింద వరి, వరి వెనక మినుము. బియ్యం రవ్వ, మినపప్పు రెండూ ఇంటి పంటలైన చోట ఇడ్లీ, గారె, రొట్టె పుట్టక ఏమవుతాయి?

మినప్పిండి పులియడం వెనక పెద్ద రహస్యం లేదు. పప్పు మీద సహజంగానే ఉండే సూక్ష్మజీవులు, ముఖ్యంగా ల్యూకోనాస్టాక్ జాతివి, రాత్రంతా పనిచేసి గ్యాస్‌నీ కొంచెం పులుపునీ పుట్టిస్తాయి. పప్పులో ఉండే జిగురు ఆ గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది. పిండి పొంగుతుంది. చలికాలంలో ఈ పని నెమ్మదిగా సాగుతుంది, మే నెలలో పరుగు తీస్తుంది. రాజమండ్రి ఎండల్లో రాత్రి రుబ్బిన పిండి పొద్దున్న తొమ్మిదికల్లా బాగా పులిసిపోతుంది. కాబట్టి వేసవిలో ఇడ్లీ తినాలంటే ఏడులోపు వెళ్లాలి. తొమ్మిది దాటాక ఇడ్లీ అడిగి "పుల్లగా ఉందండీ" అని కోప్పడి లాభం లేదు. ఆ వేళకి పెసరట్టు చెప్పడం తెలివైన పని. పెసరట్టుకి పిండి పులియక్కర్లేదు. నానబెట్టిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి కలిపి రుబ్బి అప్పటికప్పుడు పోస్తారు. అట్టు మీద ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. ఎండాకాలం మధ్యాహ్నమైనా, సాయంత్రమైనా నమ్మి తినదగిన టిఫిన్ అదొక్కటే అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

రాజమండ్రి దాటి వెళ్లగలిగినవాళ్లకి రెండు మాటలు. పాలకొల్లు వైపు దిబ్బరొట్టె, కోనసీమలో అంబాజీపేట పొట్టిక్కలు. రెండూ ఇడ్లీ పిండికి దగ్గర చుట్టాలే. తేడా అంతా నిప్పుదీ, ఆకుదీ.

పొట్టిక్క అంటే పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి దొప్పలా చేసి, అందులో పిండి పోసి ఆవిరి మీద పెడతారు. ఆకు విప్పుతున్నప్పుడు లేచే వాసన ఇడ్లీకి ఎప్పటికీ రాదు. పిండి కొంచెం ఆకుకి అంటుకుని వస్తుంది, ఆకు ఈనెల గుర్తులు తెల్లటి ఒంటి మీద అచ్చుపడి ఉంటాయి. పనసచెట్టు పెరట్లో ఉన్న ప్రాంతం కాబట్టి ఇది అక్కడ రోజువారీ టిఫిన్. రాజమండ్రిలో ఆకు కొని, బుట్టలు కుట్టే మనిషిని పెట్టుకుని రోజూ అమ్మడం కష్టం.

దిబ్బరొట్టె ఇంకా ఓపిక కోరుతుంది. మినప్పిండిలో రవ్వ కలిపి మందపాటి మూకుడులో రెండంగుళాల ఎత్తున పోస్తారు. కింద సన్నటి సెగ, పైన మూత మీద కూడా నిప్పులు. గ్యాస్ పొయ్యి మీద కాల్చితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. పైనా కిందా నిప్పులు పెట్టినప్పుడు రెండు వైపులా బంగారు రంగు పెంకు కట్టి, లోపల దూదిలా ఉడుకుతుంది. ముక్క విరిస్తే చిన్న చప్పుడవుతుంది, ఆవిరి బయటికొస్తుంది. కొబ్బరి పచ్చడితో తినేవాళ్లు ఉన్నారు, చెరుకు పానకంలో ముంచుకునేవాళ్లు ఉన్నారు. పానకంతో తింటేనే ఆ రొట్టె కరకర, మెత్తదనం, పులుపు మూడూ విడివిడిగా తెలుస్తాయి. ఒక్క రొట్టె కాలడానికి అరగంట పైన పడుతుంది కాబట్టి తొందరలో ఉన్న హోటల్ దీన్ని చేయలేదు. సరిగ్గా చేసే చోట్లన్నీ చిన్నవే. ఇల్లో, పాకో, సినిమా హాలు క్యాంటీనో. పెద్ద బోర్డు ఉన్నచోట దిబ్బరొట్టె వెతకడం దండగ.

సాయంత్రం నూనె

సాయంత్రం ఐదు దాటాక ఊరి రుచి పొయ్యి మీంచి మూకుడులోకి మారుతుంది. పుష్కరఘాట్ వైపు, కోటగుమ్మం వైపు, దేవీచౌక్ చుట్టుపక్కల బండ్లు వెలుగుతాయి. మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, పునుగులు, మసాలా మరమరాలు. మిరపకాయ బజ్జీని మధ్యకి చీల్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కూరి ఇస్తే వాన పడుతున్న సాయంత్రం మరోటి అక్కర్లేదు.

ఇక్కడ చూడాల్సింది బండి పేరు కాదు, నూనె. ఒకే నూనె మళ్లీ మళ్లీ కాగితే విరిగి, ఒంటికి మంచివి కాని పోలార్ పదార్థాలు పేరుకుంటాయి. ఇవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. కొలిచే మీటర్ కొనుగోలుదారు దగ్గర ఉండదు కాబట్టి కళ్లే మీటరు. మూకుడు అంచు చుట్టూ సబ్బు నురగలా బుడగలు కట్టి పోకుండా ఉంటే, బజ్జీ వేయకముందే పొగ లేస్తుంటే, నూనె చెరుకుపాకం రంగులో ఉంటే పక్క బండికి నడవడమే మేలు. బండి తెరిచిన మొదటి గంటలో తినడం ఇంకా మేలు. ఇక్కడా మళ్లీ గంట మాటే వచ్చింది.

బజ్జీ తిన్నాక కాఫీ తాగాలా, టీ తాగాలా? బండ్ల దగ్గర దొరికేది ఎక్కువగా టీ. కారం, నూనె తిన్న నోటికి అల్లం టీ బాగా కుదురుతుంది, అందులో వాదన లేదు. కానీ తీపి తిన్నాక మాత్రం వెంటనే కాఫీ తాగకూడదు. తాపేశ్వరం మడత కాజా ఈ ఊరికి దగ్గరే, కాకినాడ గొట్టం కాజా కూడా అన్ని కొట్లలో దొరుకుతుంది. పాకం నోట్లో ఉండగా కాఫీ తాగితే ఎంత మంచి కాఫీ అయినా చేదుగా తోస్తుంది. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు పెట్టిన వరస ఇందుకే అంత బాగుంటుంది: ముందు స్వీటు, తరవాత హాటు, చివర్న కాఫీ. మధ్యలో వచ్చే కారప్పూసో మిక్చరో నోటిని మళ్లీ మామూలు చేస్తుంది.

ఎవరు కూర్చోగలిగారు

రుచి సంగతి ఇంతసేపు చెప్పుకున్నాం గానీ కాఫీ హోటల్ అంటే రుచి ఒక్కటే కాదు, కూర్చునే చోటు. ఈ డెల్టా 1953 దాకా మద్రాసుతో కలిసి ఉంది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచాక మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు రాజమండ్రి మీదుగా నడిచింది. దక్షిణం నుంచి కాఫీ అలవాటు రావడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. "కాఫీ క్లబ్", "కాఫీ హోటల్" అనే బోర్డులు ఊరూరా వెలిశాయి. వాటిలో చాలా బోర్డుల మీద "బ్రాహ్మణ" అనే మాట కూడా ఉండేది. వండేవాళ్లు ఎవరో చెప్పడానికి అని ఒక అర్థం. లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు ఎక్కడ కూర్చోవచ్చో చెప్పడం రెండో అర్థం. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హక్కుల గురించి చెబుతూ కొట్లు, హోటళ్లు, భోజనశాలల పేరు ప్రత్యేకంగా ఎత్తి, కులం పేరు చెప్పి ఎవరినీ అక్కడ అడ్డుకోకూడదని రాసింది. అంత పెద్ద పుస్తకంలో హోటల్ మాట రాయాల్సి వచ్చిందంటే గుమ్మం దగ్గర ఎంతమందిని ఆపి ఉంటారో ఊహించవచ్చు. ఆ తరవాత కూడా తెలుగు పల్లెల టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. ఊళ్లో కాఫీ చరిత్ర చెప్పేటప్పుడు వాసన, నురగ గురించి మాత్రమే రాసి ఈ సంగతి వదిలేస్తే అది సగం చరిత్రే.

ఇప్పుడు ఊరి హోటళ్లలో గ్లాసు అందరికీ ఒకటే. కుర్చీ సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. పాత టిఫిన్ హోటల్‌లో తినడానికి పది నిమిషాలు, తాగడానికి ఐదు నిమిషాలు. పక్కన నిలబడి ఎదురుచూసేవాళ్లు ఉంటారు, సప్లయర్ గుడ్డతో బల్ల తుడవడం మొదలుపెడతాడు. మగవాళ్లయితే కాఫీ పట్టుకుని బయటికొచ్చి అరుగు మీదో, స్కూటర్ మీదో కూర్చుని గంటసేపు రాజకీయాలు మాట్లాడతారు. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు అలా వీధిలో నిలబడి గంటసేపు మాట్లాడుకోవాలంటే చూసేవాళ్ల చూపులకి జవాబు చెప్పుకోవాలి. దానవాయిపేట, ఏవీ అప్పారావు రోడ్డు వైపు ఏసీ, సోఫా, వైఫై పెట్టి వెలిసిన కొత్త కేఫ్‌లని "కాఫీకి అంత రేటా" అని తీసిపారేసేవాళ్లు ఈ విషయం చూడాలి. అక్కడ అమ్ముతున్నది కాఫీ కన్నా కుర్చీ. ఎవరూ లేపని కుర్చీ. పరీక్షలకి చదువుకునే అమ్మాయికి, ఇంట్లో చోటు లేని ఇద్దరు స్నేహితురాళ్లకి, పిల్లల ట్యూషన్ అయ్యేదాకా కాలం గడపాల్సిన తల్లికి ఆ కుర్చీ విలువ గ్లాసు ధర కన్నా ఎక్కువే.

ఆ కేఫ్‌లలో కాఫీ గురించి వచ్చే ఫిర్యాదులకి కారణాలు మాత్రం తేలిగ్గానే చెప్పవచ్చు. మొదటిది "చల్లగా ఉంది". మెషిన్ కాఫీలో పాలని ఆవిరితో 60, 65 డిగ్రీల దాకానే వేడి చేస్తారు. అంతకు మించితే నురగ చెడుతుంది, పాలలోని తీపి తగ్గుతుంది. టిఫిన్ హోటల్‌లో పొంగుతున్న పాలు పోసుకునే నాలుకకి 65 డిగ్రీలు గోరువెచ్చనే. "ఎక్స్‌ట్రా హాట్" అని అడిగితే ఇస్తారు. రెండోది "స్ట్రాంగ్‌గా లేదు". ఒక షాట్ అంటే పొడి మీద తొమ్మిది రెట్ల వాతావరణ ఒత్తిడితో పాతిక, ముప్పై సెకన్లలో దిగే కొంచెం కాఫీ. దాని మీద పెద్ద కప్పు నిండా పాలు పోస్తే డెల్టా నాలుకకి పాలే మిగులుతాయి. చిన్న కప్పు అడగాలి, లేదా రెండు షాట్లు.

మూడోది అరకు కాఫీ గురించి. పాడేరు ఏజెన్సీలో ఆదివాసీ రైతులు చెట్ల నీడన, మిరియం తీగల మధ్య పండించే ఈ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన రాష్ట్రపు పంట, గర్వంగా చెప్పుకోవాల్సిన పంట. కానీ దాన్ని తక్కువ వేయించి, చికోరీ లేకుండా, గేదె పాలలో కలిపి ఇస్తే దాని పూలవాసన, పండు పులుపు మీగడ కింద మునిగిపోతాయి. తాగినవాళ్లు "అరకు కాఫీ ఇంతేనా" అని పెదవి విరుస్తారు. అరబికాలో కెఫీన్ కూడా రోబస్టా అనే ఇంకో కాఫీ రకంలో ఉన్నదానిలో సుమారు సగమే కాబట్టి "ఎక్కలేదు" అని కూడా అంటారు. ఆ గింజకి న్యాయం జరగాలంటే పాలు లేకుండా, లేదా కొద్దిపాటి ఆవుపాలతో తాగాలి. కేఫ్ వాళ్లు ఈ ఒక్క మాట మెనూ కార్డు మీద రాస్తే బాగుంటుంది.

ఇంకో సంగతి. భోజనాలు పెట్టని పాత టిఫిన్ హోటళ్లలో ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా బల్లలు ఖాళీగానే ఉంటాయి. కుర్చీలు బల్లల మీదికి ఎత్తి, నేల కడిగి, షట్టర్ సగం దించి ఉంచుతారు. లోపల మాస్టర్ సాయంత్రానికి అల్లం చెక్కు తీస్తూ ఉంటాడు. అదే సమయంలో రెండు వీధుల అవతల, కూర్చోవడానికి చోటు కోసం విద్యార్థులు టిఫిన్ ధరకి మూడింతలు కడుతుంటారు. ఆ ఐదు గంటలూ షట్టర్ పూర్తిగా ఎత్తి, రెండు ఫ్యాన్లు వేసి, గంటకోసారి చిన్న ఫిల్టర్‌లో నలుగురికి సరిపడా కొత్త డికాషన్ దించితే చాలు. చేయి తిరిగిన మాస్టర్లు అక్కడే ఉన్నారు, పాలు నాలుగు గంటలకి మళ్లీ ఎలాగూ వస్తాయి.